పాత కారు, ముందు చక్రములు

మన పత్రికలలో పొయ్యిని గూర్చియు, ఊయలను గూర్చియు, ఊరగాయ జాడీలను గూర్చియు వ్యాసములు తఱచుగా వచ్చుచుండును. మోటారు కారును గూర్చి స్త్రీలు వ్రాయుటయు, స్త్రీల కొఱకు వ్రాయుటయు అరుదు. కారు కొనునపుడు రంగు ఎట్లుండవలెనో మనల నడుగుదురు. అది చెడినపుడు మాత్రము “నీకు తెలియదులే” యని వీథి యరుగు మీద మగవారే మాటలాడుకొందురు. కాని వెనుక సీటులో బిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండునది మనమే. దారి కుదుపులకు ముసలివారి నడుము పట్టినచో ఆ రాత్రి కాపడము పెట్టునదియు మనమే. చక్రమును బండికి పట్టియుంచునది యేదియో తెలిసికొనుట కంటె మనకు కావలసిన విద్య యేమున్నది? అందుచేత మా యింటి పాత కారు ముందు చక్రముల యమరికను మేము బాగుచేయించిన విధమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మా కారు మారిస్ మైనరు. మా మామగారి తండ్రిగారు దానిని 1952లో కాకినాడలో కొనిరి. ఆయన వైద్యులు, కాలువగట్ల వెంబడి పల్లెలకు పోయి రోగులను చూచి వచ్చుటకు చిన్న బండి కావలసి తెప్పించుకొనిరట. 1956లో మా అత్తగారు క్రొత్తకోడలై సామర్లకోటలో రైలు దిగి యీ యింటికి వచ్చినది ఆ కారులోనే. ఇప్పుడామెకు ఎనుబదియైదు సంవత్సరములు. ఇంటిలో క్రొత్త కారున్నను, కార్తికమాసమున అన్నవరము వ్రతమునకు పోవునపుడు ఆమె పాతదానినే తీయుమనును. “కొత్తదానిలో నేను చుట్టాన్ని, దీనిలో ఇంటిమనిషిని” అనును.

రెండేండ్ల క్రిందట అన్నవరమునుండి తిరిగివచ్చునపుడు ఆ కారు మమ్ములను మిక్కిలి బాధించినది. గుంట కనబడినచో చాలు, బండి ముక్కు క్రిందికి వంగును, మఱల లేచును, మఱల వంగును. ఒక వంతెన దాటిన పిమ్మట మూడు నాలుగు సారులు పడవవలె ఊగి గాని నిలువలేదు. కత్తిపూడి దాటి, పిఠాపురము దాటి, ఇల్లు చేరునప్పటికి మా అత్తగారు దిగలేకపోయిరి. పదిదినములు మంచము పట్టిరి. మా వారు ఆలోచించి, “అమ్మకు ఈ బండి ఇంక పనికిరాదు. పాతకార్లు కొనేవారొకరు అడుగుతున్నారు, ఇచ్చేద్దాం” అనిరి. అత్తగారు కాదనలేదు. కాని ఆ రాత్రి భోజనమునకు లేవలేదు. ఆ సంగతి మా వారికి తెలియకపోయినను వంటింటిలోనున్న మాకు తెలిసినది. అందుచేత అమ్ముటకు ముందు, బండిలోని లోపమేమో తెలిసికొని చూతమని మేము పట్టుపట్టితిమి.

సోదరీమణులారా, ఈ కారు వంశచరిత్ర కొంచెము వినుడు. దీనిని రూపొందించినవారు అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు. ఆయన 1906లో స్మిర్నా నగరమున జన్మించి పిమ్మట ఇంగ్లండునకు వచ్చెను. రెండవ ప్రపంచ యుద్ధకాలముననే ఈ చిన్న కారు నమూనాను ఆరంభించి దానికి “మస్కీటో”, అనగా దోమ, యని పేరు పెట్టిరి. నమూనా సిద్ధమైన పిమ్మట అది సన్నగా నున్నదని ఇసిగోనిస్ దానిని నిలువునా రెండుగా కోయించి, రెండు ముక్కలను దూరము జరిపించుచు, కంటికి నచ్చినచోట ఆపి, నడుమ నాలుగంగుళములు చేర్పించెనట. రవికకు బట్ట చాలనపుడు మనము నడుమ పట్టీ వేయుట లేదా? కారు 1948లో లండను ప్రదర్శనమున వెలువడినది. దాని యజమాని యగు నఫీల్డు ప్రభువునకు ఆ గుండ్రని రూపము నచ్చలేదు గాని జనులకు నచ్చినది. దాదాపు ఇరువది మూడేండ్ల కాలములో పదియాఱు లక్షలకు పైగా తయారైనవి. మన దేశమున హిందూస్తాన్ మోటార్సువారు 1950 తరువాతి తొలి సంవత్సరములలో దీనినే “బేబీ హిందూస్తాన్” పేర అమ్మిరి. పిమ్మట మనమందఱము ఎక్కిన అంబాసిడరు కూడ మారిస్ వంశములోనిదే. 2014లో ఆ కార్ల తయారి ఆగువఱకు దాని ముందు చక్రములకును మైనరునకు వలె మెలికపడు కడ్డీలే ఆధారము.

ఆ కడ్డీని ఇంగ్లీషువారు టార్షన్ బారు అందురు. అది ఎట్లు పనిచేయునో చెప్పుటకు చాకిరేవు చాలును. తడిగుడ్డను ఒక కొస గట్టిగా పట్టుకొని రెండవ కొసను మెలిపెట్టుదుము. చేయి వదలినచో గుడ్డ తనంతట మెలిక విప్పుకొనజూచును. కారు నేలక్రింద ఎడమప్రక్క నొకటి, కుడిప్రక్క నొకటి, పొడవైన ఉక్కుకడ్డీలు ముందునుండి వెనుకకు పరచి యున్నవి. వెనుక కొస చట్రమునకు బిగించియుండును. ముందు కొస చక్రమును మోయు క్రింది చేతికి తగిలియుండును. చక్రము మిట్టనెక్కి పైకి లేచినపుడు ఆ చేయి కడ్డీని మెలిపెట్టును; మిట్ట దాటగానే కడ్డీ మెలిక విప్పుకొని చక్రమును క్రిందికి దింపును. ఎడ్లబండికి లేని సుఖము కారున కుండుటకు ఇదియే కారణము.

అయితే మెలికకడ్డీ ఒక్కటియే యున్నచో బండి ఊయలవలె ఊగుచునే యుండును. ఊయలను ఆపుటకు తల్లిచేయి కావలెను గదా. ఆ చేయియే షాకబ్జార్బరు. మైనరులో నది యొక ఇనుపడబ్బా. లోపల నూనె యుండును. డబ్బానుండి వెలుపలికి ఒక లీవరు వచ్చి చక్రపు పైభాగమునకు తగిలియుండును. చక్రము ఆడినపుడెల్ల ఆ లీవరు లోపలి పిస్టనును త్రోయును; నూనె సన్నని రంధ్రములగుండ నెమ్మదిగా పోవలసివచ్చును; ఊపు చచ్చును. నూనె కారిపోయినచో తల్లిచేయి లేని ఊయలయే. మా అత్తగారి నడుము విఱిచినది ఈ నూనెలేని డబ్బాలే.

ఇంకొక యంగము కలదు, ముఖ్యమైనది అదియే. చక్రము కుడియెడమలకు తిరుగుటకు నిలువుగా నొక గట్టి ఉక్కుకడ్డీ యున్నది. దానిని కింగుపిన్ను అందురు. దాని పై కొసకును క్రింది కొసకును మరలు చెక్కియున్నవి. ఆ మరలమీద ట్రనియనులను రెండు ఇనుపదిమ్మలు ఎక్కియుండును. మన పెద్దల మరచెంబుకు మూత యెట్లు బిగియునో అట్లే. చక్రమును త్రిప్పినపుడెల్ల మర కొంచెము తిరుగును. బండి బరువంతయు క్రింది ట్రనియను మీదుగానే చక్రమునకు పోవును. ఆ మరలకు గ్రీజు లేనిచో ఇనుము ఇనుమును తినివేయును. మరచెంబు మర అరిగినచో మూత ఒకనాడు చేతిలోనికి ఊడివచ్చును, నీరు ఒలుకును. ఇచ్చట ఊడునది చక్రము. అది బండి క్రిందికి మడిగిపోవును, ముక్కు నేలను కొట్టును. నెమ్మదిగా మలుపు తిరుగునపుడు సైతము అట్లు జరుగవచ్చును. దారిలో వేగముగా పోవునపుడు జరిగిన దాని ఫలమును చెప్పనక్కఱలేదు. తొలి మైనరులతో వచ్చిన చేపుస్తకములో వేయి మైళ్లకొకసారి ఈ మరలకు గ్రీజు పెట్టవలెనని కలదు.

ఇంక మా యింటి వాదము సంగతి. మా ఆడపడుచు కుమారుడు బెంగుళూరులో ఇంజనీరు. పాతకార్లనిన ప్రాణము. అతడు వచ్చి కారు క్రిందికి దూరి చూచి, “అత్తయ్యా, ఈ కడ్డీలు, ఈ డబ్బాలు, ఈ మరలు అన్నీ పీకేద్దాం. స్ప్రింగు చుట్టలు, కొత్త షాకబ్జార్బర్లు, బాల్ జాయింట్లు కలిపి మొత్తం సెట్టు ఇంగ్లండులో దొరుకుతుంది. డిస్కు బ్రేకులు వేద్దాం. ఒంపులో బండి వాలకుండా యాంటీరోల్ బారు వేద్దాం. బామ్మకు పల్లకీలా ఉంటుంది” అనెను. అతని మాటలో అసత్య మేమియు లేదు. అట్టి సెట్టులు నిజముగానే కలవు; వేసికొన్నవారును కలరు. మైనరు విడిభాగములను ఇంగ్లండులో నేటికిని తయారుచేయుచున్నారు.

మా కారును చూచు మేస్త్రీ వృద్ధుడైన సాయిబుగారు. నలుబదియేండ్లు అంబాసిడర్లకు సేవ చేసిన చేయి. ఆయన తల అడ్డముగా ఊపి, “చిన్నబాబుగారూ, తమరు చదువుకున్నవారు. కాని పల్లకీ సంగతి తరవాత. ముందు బోయీల కాళ్లు చూడనివ్వండి” అనెను. మా మేనల్లుడు నవ్వి ఊరకుండెను. సాయిబుగారు బండి ముక్కును జాకీపై లేపి, ఎడమ చక్రమును పైన నొక చేత, క్రింద నొక చేత పట్టుకొని ముందుకు వెనుకకు ఊపెను. చక్రము టకటక లాడినది. ఆయన ముఖము మాఱినది. ఆ పూటకు మఱి మాటలాడక విప్పుట కారంభించెను.

సాయంకాలము మమ్ములను పిలిచి గుడ్డమీద నుంచిన కింగుపిన్నును చూపెను. పై మరలు కొంతవఱకు పదునుగానే యున్నవి. క్రింది మరలు మాత్రము అరిగి, వ్రేలు పెట్టిన జారునట్లు నునుపై యున్నవి. చివర రెండు చుట్లు మాత్రమే బండిని పట్టుకొని యున్నవి. మా మేనల్లుడు దానిని చేతిలోనికి తీసికొని చాలసేపు చూచి, “బామ్మను దీనిమీద కొండ ఎక్కించామా?” అనెను. అన్నవరము రత్నగిరి ఘాటుదారిలో ఆ యెడమ చక్రము ఎన్ని మలుపులు తిరిగినదో తలచుకొనగా మాకు ఒడలు జలదరించినది.

ఇట్లగుటకు కారణము కూడ అప్పుడే బయటపడినది. గ్రీజు ఎక్కించుటకు ట్రనియనులకు చిన్న చన్నులవంటి నిపుళ్లు ఉండును. పదేండ్ల క్రిందట కారుకు రంగు వేసిన ఒకానొక కార్ఖానావారు వానిమీద కూడ దట్టముగా రంగు కొట్టిరి. రంధ్రములు మూసికొనిపోయినవి. పిమ్మట ప్రతి సంవత్సరమును సర్వీసు బిల్లులో “గ్రీజింగు” అని వ్రాసి రూపాయలు పుచ్చుకొనిరి గాని, ఒక చుక్కయు లోనికి పోలేదు. బిల్లులన్నియు మా బీరువాలో భద్రముగా నున్నవి. “కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని మన పెద్దల సామెత. మా బండి ఆ సంగీతమైనను పాడలేదు. ఊరకయే అరిగిపోయినది.

ఆ రాత్రి అరుగుమీద జరిగిన సమాలోచనలో మేమును కూర్చుంటిమి. అందఱి మాటలు విని మేము రెండు ప్రశ్నలే వేసితిమి. “ఏది చెడితే నడుము నొస్తుంది? ఏది చెడితే చక్రం ఊడుతుంది?” సాయిబుగారును మేనల్లుడును మొదటిసారిగా ఏకకంఠముగా సమాధానము చెప్పిరి. నూనె డబ్బా చెడినచో నడుము నొచ్చును. మరలు చెడినచో చక్రము ఊడును. ఊపును గూర్చి ఇంటిల్లిపాదియు రెండేండ్లనుండి గోల పెట్టుచున్నాము. మరలను గూర్చి ఒక్కరును నోరు విప్పలేదు, ఏలనన అవి ఎవరిని నొప్పించలేదు. బాధపెట్టు లోపము వేఱు, ప్రాణము తీయు లోపము వేఱు. పాతబండికి మెరుగులు దిద్దదలచినవారు మొదట ఈ రెంటిని విడదీసికొనవలెను. క్రొత్త స్ప్రింగుల సుఖమునకై వెచ్చించు ప్రతి రూపాయియు మరల భద్రత తరువాతనే.

మఱియొక విషయమును మా వారు జ్ఞాపకము చేసిరి. మన దేశపు మోటారు వాహనముల చట్టము, 1988, అందలి 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2021లో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన బండ్లకు “వింటేజి” రిజిస్ట్రేషనును ఏర్పఱచినది. అది పొందగోరు బండి మూలరూపములోనే యుండవలెను. పెద్ద మార్పులకు లోనై యుండరాదు. అట్లు రిజిష్టరైన బండిని నిత్యము తిప్పుటకు వీలులేదు. మాది సాధారణపు రిజిస్ట్రేషనే. అయిదేండ్లకొకసారి తనిఖీ చేయించి పొడిగించుకొనుచున్నాము. ఏనాడైన వింటేజి పత్రము కోరవలసివచ్చినచో, కడ్డీలు పీకివేసిన కారునకు ఆ దారి మూసికొనిపోవచ్చును. అందుచేత వెనుకకు తీసికొనరాని మార్పు ఏదియు చేయరాదనియు, విప్పిన పాతభాగమును ఒక్కదానినైనను పాఱవేయరాదనియు నిశ్చయించితిమి.

ఇంగ్లండునుండి మొదట తెప్పించినది కింగుపిన్నులు, ట్రనియనులు, రబ్బరు బుష్షులు, క్రొత్త నిపుళ్లు. చెడినది ఎడమవైపే యైనను రెండువైపుల వానిని మార్చితిమి. ఒక కాలికి క్రొత్త చెప్పు, రెండవ కాలికి పాతచెప్పు తొడిగి ఎవరు నడుతురు? ఈ భాగములన్నియు కలిపి, మేనల్లుడు చెప్పిన సెట్టు ఖరీదులో చిన్న పాలు మాత్రమే అయినవి.

రెండవది మెలికకడ్డీల పని. బండి యెడమ ముక్కు కుడిదానికంటె వాలియుండెను. డెబ్బది యేండ్లు మెలిపడిన కడ్డీ కొంత వశము తప్పుట సహజమే. సాయిబుగారు దానిని మార్చనక్కఱలేదనెను. కడ్డీ కొసలకు పండ్లున్నవి. వెనుక కొసను ఒక పన్ను జరిపి మఱల బిగించినచో ఎత్తు సరిపడును. అట్లే చేసెను. ఎడమ కడ్డీని కుడికి, కుడిదానిని ఎడమకు వేయరాదట. ఇన్నేండ్లు ఒక వైపునకు మెలిపడిన ఉక్కును తిరుగవేసి మెలిపెట్టినచో విఱుగును. ఆ పని జరుగునపుడు ఆయన పిల్లలను దగ్గఱకు రానీయలేదు. మెలికలోనున్న కడ్డీ బిగువు తప్పి విడినచో చేయి విఱుగగొట్టునట.

మూడవది నడుమునొప్పికి మందు. ఇచ్చట మా మేనల్లుని చదువు అక్కఱకు వచ్చినది. నూనె డబ్బాలను బాగుచేయించినను అవి పాతకాలపు వేగములకు, పాతకాలపు బరువులకు ఏర్పడినవి. ఈనాటి కార్లలో వాడు గొట్టపు షాకబ్జార్బరులను ప్రక్కన చేర్చు పట్టీలు దొరకును. పట్టీని క్రింది చేతికొకచోట, చట్రమునకొకచోట బిగింతురు. మఱల విప్పినచో పూర్వస్థితి వచ్చును. అయితే పాతడబ్బాలను మాత్రము తీసివేయరాదు. చూచుటకు అది షాకబ్జార్బరే గాని, దాని లీవరు చక్రమును పైన పట్టియుంచు చేయి కూడ. డబ్బా పని అయిపోయినదని ఊడదీసినచో చక్రమునకు పై ఆధారమే పోవును. ముసలివారికి పనిచేయు శక్తి లేదని ఇంటినుండి పంపివేసిన, ఇంటిని పట్టియుంచు చేయియే పోయినట్లగును. సాయిబుగారు ఈ మాట అనినపుడు అరుగు మీద అందఱును ఒకసారి లోపలి గదివైపు చూచిరి.

బ్రేకుల విషయమున సంధి కుదిరినది. మా కారుకు ముందు డ్రమ్ములు ఏడంగుళములవి. 1962నుండి పెద్ద ఇంజనుతో వచ్చిన మైనరులకు కంపెనీవారే ముందు డ్రమ్ములను ఎనిమిదంగుళములకు పెంచిరి. డిస్కులు మాని ఆ పెద్దడ్రమ్ములను తెప్పించి వేయించితిమి. 918 ఘనసెంటీమీటర్ల ఇంజనుతో, నలుబది మైళ్ల వేగము మించక పోవు ఈ బండికి అవి చాలునని మేనల్లుడును ఒప్పుకొనెను. యాంటీరోల్ బారును మానితిమి. మేము పందెములకు పోవుట లేదు గదా.

పని ముగిసిన పిమ్మట ముందు చక్రముల పొందికను, దీనినే అలైన్‌మెంటు అందురు, యంత్రముమీద సరిచూపించితిమి. అయిదువందల మైళ్లు నడిచిన తరువాత బోల్టులన్నియు మఱల బిగింపించితిమి. క్రొత్త రబ్బరులు కుదురుకొనునపుడు బిగువు కొంత సడలును. ఈ రెండు పనులను చాలమంది మఱచెదరు.

నిరుటి కార్తికమున మా అత్తగారు మఱల ఆ కారులోనే అన్నవరము పోయిరి. బండి పల్లకీవలె నున్నదని మేము చెప్పము. గుంట గుంటయే, దాని దెబ్బ తెలియుచునే యున్నది. కాని దెబ్బ ఒక్కటే తగులును, పిమ్మట ఊగులాట లేదు. ఘాటుదారి మలుపులలో స్టీరింగు పూర్వమువలె మూలుగలేదు. మా వారి భుజములు బిగిసికొనలేదు. పంపానది ప్రక్క ఆపి కాఫీ త్రాగునపుడు అత్తగారిని “ఎలా ఉందండీ?” అని అడిగితిమి. ఆమె కొంచెము ఆలోచించి, “ఆ రోజు సామర్లకోట నుంచి వచ్చినప్పుడు ఇలాగే ఉండేది” అనిరి. మఱునాడు యథాప్రకారము తెల్లవాఱుజామున లేచి తులసికోటకు నీరు పోసిరి. ఇంకను పరీక్ష యేమి కావలెను?

మైనరు కారులు అందఱి యిండ్లలో నుండవు. కాని అంబాసిడరో, ఫియెట్టో, మఱియొక పాతబండియో షెడ్డులో నిలిపి, అప్పుడప్పుడు తీయు కుటుంబములు మన వైపున ఇంకను కలవు. కారు క్రిందికి దూరకయే గృహిణి చూడదగిన గుర్తులు కొన్ని చెప్పెదము.

బండిని చదునైన నేలమీద నిలిపి ముందు మడ్‌గార్డుమీద రెండు చేతులతో అదిమి వదలుడు. ఒకసారి లేచి నిలిచినచో షాకబ్జార్బరు బ్రతికియున్నది. రెండు మూడు సారులు ఊగినచో దాని ఆయువు తీఱినది. దూరముగా నిలిచి ముఖామఖి చూడుడు. ఒక ప్రక్క వాలియున్నదా? ముందు టైరులు లోపలియంచుననో, వెలుపలియంచుననో మాత్రమే అరిగియున్నవా? చక్రము వెనుక నూనెమరక కలదా? స్టీరింగు త్రిప్పునపుడు బరువుగా నుండి మూలుగుచున్నదా? ఇందులో ఏది కనబడినను మేస్త్రీని పిలిచి, ముక్కును జాకీపై లేపి చక్రమును ఊపి చూపుమనుడు. మీరు దగ్గఱనుండి చూడుడు. “తమకెందుకమ్మా” అనినచో, “మేమే కదా కూర్చునేది” అనుడు.

గ్రీజు పెట్టునపుడు చక్రమును నేలనుండి పైకెత్తియే పెట్టవలెను. బరువు తీసినగాని గ్రీజు మరల నడుమకు పోదు. పాతగ్రీజు నల్లగా వెలుపలికి వచ్చి, దాని వెనుక క్రొత్తది కనబడువఱకు కొట్టవలెను. అది మీ కన్నులతో చూచిన పిమ్మటనే రూపాయ లిండు. రంగు వేయించునపుడు నిపుళ్లకు గుడ్డ చుట్టించుడు.

మేమిప్పుడు పాలలెక్క వ్రాయు పుస్తకము చివరిపుటలో కారు నడచిన మైళ్లను, గ్రీజు పెట్టిన తేదీలను వ్రాసికొనుచున్నాము. క్రితము నెల వ్రాసిన దాని క్రింద సాయిబుగారి వ్రేలిముద్ర నల్లగా పడినది. దానిని తుడువక అట్లే యుంచితిమి. రాబోవు కార్తికమునకు ముందు మఱియొకసారి పెట్టింపవలసియున్నది.